పక్షవాతం తర్వాత ఏం పెట్టాలి?



ఇంట్లో పెద్దాయనకు పక్షవాతం వచ్చింది. కొన్నాళ్ళు ఆసుపత్రిలో ఉంచి ఇంటికి తీసుకొచ్చారు. మందుల చీటీ ఉంది. ఫిజియోథెరపీ చేసే అబ్బాయి రేపటి నుంచి వస్తానన్నాడు. చూడటానికి వచ్చిన చుట్టాలు వెళ్తూ వెళ్తూ వంటింటి గుమ్మం దగ్గర ఆగి ఆ ఇల్లాలికి తలా ఒక మాట చెప్పిపోతారు. "పప్పు పెట్టకు వదినా, వాతం చేస్తుంది." "దుంపల జోలికి పోవద్దమ్మా." "గుడ్డు వేడి, పెరుగు చలవ, వంకాయ సరేసరి." సాయంత్రానికి ఆయన పళ్ళెంలో మిగిలేవి మెత్తటి అన్నం, పల్చటి చారు, కాస్త మజ్జిగ. నెల తిరిగేసరికి ఆయన బుగ్గలు లోపలికి పోతాయి. పట్టుకుని కూర్చోబెడితే నడుము నిలవదు. జబ్బు ముదిరిందని ఇంటిల్లిపాదీ దిగులుపడతారు. నిజానికి అక్కడ చాలాసార్లు జరిగేది తిండి చాలకపోవడం.

ఈ ప్రసంగంలో నేను చెప్పదలుచుకున్నది ఇదీ. దెబ్బతిన్న మెదడును అతికించే పదార్థమంటూ ఏదీ లేదు. మెదడు కోలుకునేది సాధన వల్ల. ఆ సాధనకు ఒంట్లో ఓపిక ఉంచేది భోజనం. మధ్యలో న్యుమోనియా రాకుండా కాపాడేది ఆ భోజనం పెట్టే తీరు. రెండోసారి పక్షవాతం రాకుండా అడ్డుపడే వాటిలోనూ భోజనానిది పెద్ద వాటా. అందుచేత ఏది మానాలన్న లెక్కకు ముందు మూడు సంగతులు చూసుకోవాలి. మనిషి ఎలా మింగుతున్నాడు? ఎంత తింటున్నాడు? అందులో ఉప్పెంత?

ముందు మెదడు సంగతి కాస్త చెప్పుకుందాం. మన బరువులో మెదడు నూటికి 2 పాళ్ళు. ఒళ్ళు ఖర్చుపెట్టే శక్తిలో మాత్రం దాదాపు 20 పాళ్ళు దానికే కావాలి. పైగా అది నిల్వ పెట్టుకోలేదు. రక్తం తెచ్చే గ్లూకోజు, ఆక్సిజన్ క్షణం క్షణం అందుతూ ఉండాలి. రక్తనాళంలో గడ్డ అడ్డుపడినా, రక్తనాళం చిట్లినా ఆ సరఫరా తెగిపోతుంది. పెద్ద నాళం ఒకటి మూసుకుపోతే నిమిషానికి సగటున 19 లక్షల నాడీకణాలు చనిపోతాయని లెక్కకట్టారు. అందుకే మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట ముద్దగా వచ్చినా వెంటనే 108కి ఫోన్ చేసి, స్కానింగ్ సౌకర్యమున్న ఆసుపత్రికి చేర్చాలి. గడ్డను కరిగించే ఇంజెక్షన్ మామూలుగా నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. ఆ కంగారులో మనిషి నోట్లో నీళ్ళు పోయకండి. కాఫీ పట్టకండి. మాత్ర వేయకండి. ఎందుకో కాసేపట్లో చెబుతాను.

చనిపోయిన కణాలు తిరిగి రావు. వాటి చుట్టుపక్కల బతికున్న కణాలు మాత్రం కొత్త సంబంధాలు కలుపుకుని, పోయిన పనిని మెల్లగా నేర్చుకుంటాయి. మొదటి మూడు నెలల్లో ఈ నేర్పు చురుగ్గా సాగుతుంది. తర్వాత నెమ్మదిస్తుంది కానీ ఆగిపోదు. నేర్పించేది మాత్రం అభ్యాసమే. గ్లాసు అందుకోవడం, మంచం మీంచి లేచి నిలబడటం, ఇంట్లోవాళ్ళ పేర్లు పలకడం, ఇవన్నీ మళ్ళీ మళ్ళీ చేయాలి. చేయాలంటే కండ ఉండాలి. మంచం పట్టిన పెద్దవయసు మనిషికి కండ కరగడం రోజుల్లోనే మొదలవుతుంది. కూలీలను పిలిచి ఇటుకలు తెప్పించకపోతే గోడ లేవదు. ఫిజియోథెరపీ పెట్టించి చారన్నంతో సరిపెట్టడం అలాంటిదే.

ఇక మింగడం.

అన్నం తింటూ పొలమారితే ఎవరో తలుచుకుంటున్నారని నవ్వుతూ నెత్తిన తట్టడం మనకు అలవాటు. పక్షవాతం వచ్చిన మనిషికి పొలమారితే నవ్వి ఊరుకోకూడదు. మింగేటప్పుడు గొంతులో ఊపిరిదారి మూసుకుని ఆహారనాళం దారి తెరుచుకోవాలి. ఈ పనికి చాలా కండరాలు ఒక వరసలో కదలాలి. ఆ వరస నడిపేది మెదడు. అది దెబ్బతింటే నీళ్ళు, మెతుకులు ఊపిరితిత్తుల్లోకి జారతాయి. పక్షవాతం వచ్చిన మొదటి రోజుల్లో దాదాపు సగంమందికి మింగడంలో ఏదో ఒక ఇబ్బంది ఉంటుంది. చాలామందికి కొద్దివారాల్లో సర్దుకుంటుంది. ఈలోపు అజాగ్రత్తగా ఉంటే న్యుమోనియా వస్తుంది. ఇందులో ఇంకో ప్రమాదముంది. కొందరికి లోపలికి నీళ్ళు పోతున్నా దగ్గు రాదు. అందువల్ల దగ్గలేదు కాబట్టి బాగానే మింగాడనుకోవడానికి లేదు. మింగాక గొంతు తడిసి గరగరలాడటం, నోటి పక్క నుంచి కారడం, ముద్ద చాలాసేపు నోట్లోనే ఉండిపోవడం, తిన్నాక ఆయాసపడటం, సాయంత్రాలు జ్వరం తగలడం, ఇవన్నీ గుర్తులే.

అందుకే ఆసుపత్రిలో నోటి ద్వారా ఏదైనా ఇచ్చేముందు మింగుడు పరీక్ష చేయాలి. తర్ఫీదు పొందిన నర్సు గానీ, మాట, మింగుడు చూసే స్పీచ్ థెరపిస్టు గానీ మనిషిని నిటారుగా కూర్చోబెట్టి చెంచాడు నీళ్ళిచ్చి, గొంతు కదలిక చూసి, మాట్లాడించి గొంతు మారిందేమో వింటారు. చిన్న పనే. దాని విలువ చిన్నది కాదు. ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలోని 19 స్ట్రోక్ యూనిట్లలో దీన్ని పరీక్షించి చూశారు. మొదటి మూడు రోజులు జ్వరం, షుగర్, మింగుడు, ఈ మూడింటినీ నర్సులు ఒక పద్ధతి ప్రకారం కనిపెట్టి ఉండేలా కొన్ని యూనిట్లలో ఏర్పాటు చేశారు. 90 రోజుల తర్వాత చూస్తే, మామూలుగా నడిచిన యూనిట్లలో మరణించినవాళ్ళు, ఇతరుల మీద ఆధారపడినవాళ్ళు కలిపి 58 శాతం. ఈ పద్ధతి పాటించినచోట 42 శాతం. ఆ ఫలితాలు 2011లో వచ్చాయి. కొత్త మందేమీ అక్కర్లేకుండా సాధించిన తేడా అది.

ఇంటికి వచ్చాక పెట్టే తీరు ఇలా ఉండాలి. పడుకోబెట్టి పెట్టకండి. వీపుకు దిండ్లు పెట్టి నిటారుగా కూర్చోబెట్టండి. మగతగా ఉంటే ఆ పూటకు ఆగండి. టీవీ ఆపేయండి. తింటున్న మనిషిని మాట్లాడించకండి. చిన్న చెంచాతో పెట్టి, మింగాడని చూసుకున్నాకే రెండోది పెట్టండి. చచ్చుబడిన వైపు బుగ్గలో మెతుకులు ఇరుక్కుపోయి ఉంటాయి, మనిషికి తెలియదు. తిన్నాక నోరు తెరిపించి చూసి శుభ్రం చేయండి. కట్టుడు పళ్ళుంటే తీసి కడగండి. ఆ తర్వాత అరగంటైనా కూర్చోనివ్వండి.

ఏది తేలిగ్గా మింగుతారన్న దాంట్లో మన ఊహ తరచు తప్పుతుంది. అన్నిటికన్నా తేలికైనవి నీళ్ళే అనుకుంటాం. మింగుడు దెబ్బతిన్నవాళ్ళకు నీళ్ళు, కాఫీ, చారు, మజ్జిగ, కొబ్బరినీళ్ళు కష్టమైనవి. పల్చటివి గొంతు సిద్ధమయ్యేలోపే జారిపోతాయి. అలాంటివాళ్ళకు రాగిజావ లాంటి చిక్కదనం మేలు కావచ్చు. ఎంత చిక్కగా అన్నది మాత్రం పరీక్ష చేసినవాళ్ళే చెప్పాలి. పాలల్లో వేసిన అటుకులు, పల్చటి చారన్నం చూడటానికి మెత్తగా ఉన్నా, నోట్లోకి వెళ్ళాక నీరొక దారి, మెతుకొక దారి పడతాయి. రాయలసీమలో రాగిసంకటి ముద్దను నమలకుండా మింగడం అలవాటు. ఈ జబ్బులో అది కొన్నాళ్ళు ఆపాలి, గొంతులో అంటుకుంటుంది. తెలంగాణలో తినే జొన్నరొట్టె పొడిపొడిగా విరుగుతుంది, అదీ ఆగాలి. మరమరాలు, వేరుశనగ పలుకులు, అప్పడాలు వద్దు. మెత్తగా ఉడికించి మెదిపిన పప్పన్నం, పెసరపప్పు పులగం, గట్టి పెరుగుతో కలిపిన అన్నం, బాగా మెదిపిన గుడ్డు, ముళ్ళు తీసి మెదిపిన చేప, ఇవి చాలామందికి నప్పుతాయి. మాత్రలను నలిపి ఇచ్చేముందు అడగండి. కొన్నింటిని నలపకూడదు.

అసలు మింగలేనివాళ్ళకు ముక్కు ద్వారా గొట్టం వేస్తారు. ఆసుపత్రిలో రైల్స్ ట్యూబ్ అంటారు. గొట్టం వేశారంటే ఇక ఆశ లేదని ఇంట్లోవాళ్ళు కంటతడి పెడతారు. చాలామందికి అది కొన్నాళ్ళ ఏర్పాటే. మింగుడు తిరిగి రాగానే తీసేస్తారు. దాని గుండా గంజినీళ్ళు, కొబ్బరినీళ్ళే పోస్తూ ఉంటే కడుపు నిండుతుంది, ఒంటికి పట్టేది ఉండదు. రోజుకు ఎన్నిసార్లు, ఎంత, ఏ పాళ్ళలో అన్నది డైటీషియన్ చేత రాయించుకోండి. మింగుడు పరీక్ష మళ్ళీ ఎప్పుడో కూడా అడగండి. అడగకపోతే గొట్టం అవసరం తీరాక కూడా అలాగే ఉండిపోతుంది.

ఇప్పుడు ఎంత తింటున్నారన్న లెక్క.

హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం, ఆరోగ్యంగా ఉన్న మనిషికి కిలో బరువుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. అంటే 60 కిలోల మనిషికి రోజుకు 50 గ్రాములు. జబ్బుపడిన పెద్దవాళ్ళకు ఇంకా ఎక్కువ, 60 నుంచి 70 గ్రాముల దాకా అవసరమవుతుంది. ఇందాక చెప్పిన పెద్దాయన పళ్ళెం చూడండి. పొద్దున రెండు ఇడ్లీలు, మధ్యాహ్నం, రాత్రి చారన్నం, నడుమ కాఫీ, మజ్జిగ. అన్నీ కలిపినా 30 గ్రాములు దాటడం కష్టం. అంటే కావలసినదానిలో సగం. పప్పును వాతమని, గుడ్డును వేడని, పెరుగును చలవని పక్కనబెడితే అంతకన్నా ఎలా వస్తుంది? ఈ మూడింటిలో దేనివల్లా మెదడులో గడ్డలు కట్టవు, చచ్చుబడిన చెయ్యి బిగుసుకుపోదు.

పూడ్చుకోవడం కష్టమేమీ కాదు. ఒక గుడ్డులో 6 గ్రాములు. గుప్పెడు, అంటే 30 గ్రాముల కందిపప్పులో దాదాపు 7. గ్లాసుడు పాలల్లో 6 నుంచి 7. వంద గ్రాముల చేపలోనో కోడిమాంసంలోనో 18కి పైనే. రెండు పూటలా గట్టిపప్పు, ఒక గుడ్డు, రెండు గ్లాసుల పాలు, కప్పు పెరుగు చేరిస్తే అదే పెద్దాయన 60కి చేరువవుతాడు. శాకాహారులైతే గుడ్డు బదులు పన్నీరో, మెత్తగా రుబ్బిన వేరుశనగ పచ్చడి ఉప్పు తగ్గించో పెట్టొచ్చు. మూత్రపిండాల జబ్బున్నవాళ్ళు మాత్రం ఈ లెక్కను తమ డాక్టరుతోనే వేయించుకోవాలి.

డబ్బాల్లో వచ్చే పోషకాల పొడులు అందరికీ తప్పనిసరా? స్కాట్లండులోని ఎడిన్‌బరో పరిశోధకులు నడిపిన ఒక పెద్ద అధ్యయనం 2005లో దీనికి జవాబిచ్చింది. పక్షవాతం వచ్చి, మింగగలిగిన 4,023 మందిలో కొందరికి మామూలు ఆసుపత్రి భోజనం, మిగతావాళ్ళకు భోజనంతోపాటు పోషక పానీయం ఇచ్చారు. రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు. వాళ్ళలో ఎక్కువమంది అప్పటికి సరైన పోషణ ఉన్నవాళ్ళే. అదే బృందం ఇంకోటి కూడా గమనించింది. ఆసుపత్రికి వచ్చేనాటికే చిక్కిపోయి ఉన్నవాళ్ళు ఆరు నెలల తర్వాత మిగతావాళ్ళకన్నా దెబ్బతిన్నారు. కాబట్టి సరిపడా తినేవాళ్ళకు పొడుల ఖర్చు దండగ. చిక్కిపోతున్నవాళ్ళకు అవసరం రావచ్చు. ఎవరు చిక్కిపోతున్నారో తెలియాలంటే వారానికోసారి బరువు చూడాలి. 60 కిలోల మనిషి నెలలో 3 కిలోలు తగ్గితే ఆగకుండా డాక్టరుకు చెప్పాలి.

ఇంకో మాట. షుగర్ ఉన్నవాళ్ళు ఇదివరకటంత తినలేకపోతున్నా మాత్రలు, ఇన్సులిన్ పాత మోతాదులోనే వేసుకుంటూ ఉంటారు. దాంతో షుగర్ ఒక్కసారిగా పడిపోతుంది. గాయపడ్డ మెదడుకు అది ఇంకో దెబ్బ. తిండి తగ్గిందంటే ఆ సంగతి డాక్టరుకు తెలియాలి.

పళ్ళెం దగ్గర మరో చిత్రం జరుగుతుంది. మెదడు కుడివైపు దెబ్బతిన్న కొందరికి ఎడమవైపు ఉన్నది ధ్యాసలోకే రాదు. కంటిచూపు బాగానే ఉంటుంది. పళ్ళెంలో కుడివైపున్న అన్నం, కూర శుభ్రంగా తింటారు. ఎడమవైపు పెట్టిన పప్పు, గుడ్డు గీత గీసినట్టు అలాగే ఉండిపోతాయి. "ఇంకా తినవా నాన్నా?" అని కూతురు అడిగితే, "అంతా తినేశాగా" అంటాడాయన. ఆ పళ్ళేన్ని సగం చుట్టు తిప్పి చూడండి. "అరె, ఇంకా ఉందే" అని మళ్ళీ మొదలుపెడతాడు. అలాంటివాళ్ళకు పళ్ళెం తిప్పి పెట్టండి. ఎడమ అంచున ఎర్రటి చేతిగుడ్డ ఒకటి వేసి, తినేముందు దాన్ని వెతకమనండి. కొన్నాళ్ళకు తల తిప్పి చూడటం అలవడుతుంది.

కుడిచెయ్యి పడిపోయినవాళ్ళది వేరే బాధ. పదిమందిలో ఎడమచేత్తో అన్నం తినాలంటే సిగ్గు. కోడలి చేత పెట్టించుకోవాలంటే మొహమాటం. రెండూ పడలేక "ఆకలి లేదు" అంటారు. పక్షవాతం తర్వాత మనసు కుంగిపోవడం కూడా మామూలే, ముగ్గురిలో ఒకరికి వస్తుంది. దానివల్లా ఆకలి చస్తుంది. అందుకు వైద్యముంది. ఆకలి లేదన్నప్పుడల్లా బతిమాలడంతో సరిపెట్టకుండా ఎందుకు లేదో కనుక్కోండి. ఎడమచేత్తో తినడంలో తప్పేమీ లేదని ఇంట్లో పెద్దవాళ్ళే నోరువిప్పి చెప్పాలి. చెంచా పిడికి గుడ్డ చుట్టి లావు చేయండి. అంచు ఎత్తుగా ఉన్న పళ్ళెం కింద తడిగుడ్డ వేస్తే జారదు. కుడిచెయ్యి కొంచెం కదలడం మొదలయ్యాక ఆ చేత్తోనే రెండు ముద్దలు కలపనివ్వండి. అన్నం కలిపి ముద్ద చేసి నోటికందించుకోవడంలో అయిదువేళ్ళు, మణికట్టు, మోచెయ్యి, భుజం అన్నీ పనిచేయాలి. రోజుకు రెండుమూడుసార్లు ఎలాగూ జరిగే సాధన అది. ఆలస్యమవుతుందని మీరే గబగబా పెట్టేస్తే ఆ అవకాశం పోతుంది. ఒకటే జాగ్రత్త. ఆ చేతికి వేడి తెలియకపోవచ్చు. అన్నం చల్లార్చి పెట్టండి.

ఇక మూడోది, ఉప్పు.

పక్షవాతం తెచ్చిపెట్టే కారణాల్లో అన్నిటికన్నా పెద్దది రక్తపోటు. దాన్ని పెంచేవాటిలో ఉప్పు ఒకటి. ఒకసారి వచ్చినవాళ్ళకు మళ్ళీ వచ్చే ప్రమాదం ఎక్కువ. రెండోసారి వస్తే మెదడు అప్పటిదాకా నేర్చుకున్నది కూడా పోవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మనిషికి రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలంటుంది, అంటే చిన్న చెంచాడు. మీ ఇంటి వాడకం తెలుసుకోవడానికి ఓ సులువైన లెక్క చెబుతాను. నలుగురున్న ఇంట్లో కిలో ఉప్పు ప్యాకెట్ 50 రోజులు రావాలి. ఆవకాయ, మాగాయ, అప్పడాలు, వడియాలు, చల్లమిరపకాయలు, ఎండుచేపల్లో ఉన్న ఉప్పు ఆ ప్యాకెట్ లెక్కలోకి రాదని మరిచిపోకండి. సైంధవ లవణమైనా, రాళ్ళుప్పైనా సోడియం విషయంలో ఉప్పే.

చైనాలో 600 పల్లెల్లో 20,995 మంది మీద జరిగిన ఒక అధ్యయనం 2021లో వెలువడింది. వాళ్ళలో నూటికి 72 మందికి పైగా అంతకుముందే పక్షవాతం వచ్చినవాళ్ళు. సగం పల్లెలకు మామూలు ఉప్పు. మిగతా సగానికి నాలుగోవంతు పొటాషియం క్లోరైడ్ కలిపిన ఉప్పు. దాదాపు అయిదేళ్ళు కనిపెట్టి చూస్తే, రెండో గుంపులో పక్షవాతం 14 శాతం తగ్గింది, మరణాలు కూడా తగ్గాయి. వంట మారలేదు, డబ్బాలో ఉప్పు మారిందంతే. ఆ రకం ఉప్పు మన దుకాణాల్లోనూ దొరుకుతుంది. అయితే మూత్రపిండాల జబ్బున్నవాళ్ళకు, పొటాషియం పెంచే కొన్ని బీపీ మాత్రలు వేసుకునేవాళ్ళకు అది ప్రమాదం. డాక్టరును అడిగాకే కొనండి. ఉప్పు తగ్గితే చప్పగా ఉంటుందని పళ్ళెం తోసేస్తారు కదా. నిమ్మకాయ పిండండి, కొత్తిమీర, మిరియాలు, జీలకర్ర, చింతపండు వాడండి. మన వంటకు రుచి తెచ్చేవి చాలా ఉన్నాయి.

ఆకుకూరల గురించి చాలామంది అడుగుతారు. రక్తం పల్చబడే మందుల్లో వార్ఫరిన్, అసిట్రోమ్ వాడేవాళ్ళకు విటమిన్ కె ఎక్కువున్న పాలకూర, తోటకూర, మునగాకు వంటివి మందు పనిని తగ్గిస్తాయి. అలాగని పూర్తిగా మానక్కర్లేదు. వారానికి ఎంత తింటారో అంతే తింటూ ఉంటే మందు మోతాదు దానికి సరిపడేలా కుదురుస్తారు. నెలంతా ముట్టకుండా, ఒకరోజు ఊరి నుంచి కట్టలు కట్టలు వచ్చాయని తినేస్తేనే చిక్కు. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడేవాళ్ళకు ఈ బెడద లేదు.

మెదడుకు మంచి తిండి అంటూ ప్రచారమయ్యేవాటి సంగతేమిటి? షికాగోలోని రష్ విశ్వవిద్యాలయం వాళ్ళు పక్షవాతం వచ్చిన 106 మందిని కొన్నేళ్ళు గమనించారు. ఆకుకూరలు, పప్పుధాన్యాలు, గింజలు, చేపలు ఎక్కువగా, వేపుళ్ళు, మిఠాయిలు, వెన్న తక్కువగా తిన్నవాళ్ళలో జ్ఞాపకశక్తి, ఆలోచన తగ్గడం నెమ్మదిగా ఉంది. చిన్న అధ్యయనం, గమనించి చెప్పింది మాత్రమే. అయినా ఆ జాబితా మన పప్పు, తోటకూర, చేపల పులుసు, వేరుశనగకు దూరమేమీ కాదు. పావురం మాంసం తింటే, దాని రక్తం ఒంటికి పూస్తే చెయ్యి లేస్తుందని మన పల్లెల్లో ఇప్పటికీ కొందరు నమ్ముతారు. అందులో ఏ గుణమూ లేదు. కోలుకోవడం ఎటూ మొదటి వారాల్లో మొదలవుతుంది కనుక, ఆ పేరు పావురానికి వెళ్ళిపోతుంది.

చివరగా ఒక సలహా. డిశ్చార్జి రోజున డాక్టరు గదిలోకి మందుల చీటీ పట్టుకున్న కొడుకో అల్లుడో వెళ్తాడు. మూడుపూటలా వండి పెట్టే మనిషి బయట బెంచీ మీద సంచులు పట్టుకుని కూర్చుంటుంది. ఆమెను లోపలికి తీసుకెళ్ళండి. ఆమెనే అడగనివ్వండి: మింగుడు పరీక్ష చేశారా, పల్చటివి పట్టొచ్చా? రోజుకు ప్రొటీన్ ఎంత, షుగర్ మందు దానికి సరిపోయిందా? ఉప్పు ఎంత, ఏ ఉప్పు? ఈ మూడు జవాబులూ ఆ చీటీ వెనకాలే రాయించుకుని వంటింటి గోడకు అంటించండి. చుట్టాలు గుమ్మం దగ్గర ఆగి సలహా చెప్పబోతే, వాళ్ళకూ అదే చూపించండి.